ఉత్తరం ఉంది మేడం

హైదరాబాద్,
18 ఫిబ్రవరి 2024

అన్నకు,

నీ చెల్లె మమత రాస్తున్నది. ఈ పొద్దున నీకు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ మోగి మోగి ఆగిపోయింది. నాలుగోసారి అమ్మ ఎత్తి, "మీ అన్న ఫోన్ల మాట్లాడడట, ఉత్తరం రాయమంటున్నడు" అంది. వాట్సాప్‌లో రాయనా అని అడిగితే నీ దగ్గరికి వెళ్లి వచ్చి, కాగితం మీదే రాయమన్నావని చెప్పింది. ఎందుకో నాకేమీ అర్థం కాలేదు. హాస్టల్లో నా పక్క మంచం అమ్మాయి, మీ ఇంట్లో కోర్టు కేసు నడుస్తోందా అని అడిగింది. లేదని చెప్పాను. ఉంటే ముందే చెప్పు.

అసలు సంగతికి వస్తాను. మా జియాలజీ డిపార్ట్‌మెంటు నుంచి ఒకరికి అగ్నిపర్వతం మీద పరిశోధన చేసే అవకాశం వచ్చింది. బెంగళూరులో ఒక ట్రస్టు ఉంది. విద్యార్థులు స్వయంగా అగ్నిపర్వతాల దగ్గరికి వెళ్లి పని చేయడానికి ఏటా కొందరికి నిధులు ఇస్తుంది. చంద్రమతి మేడం నా పేరు పంపారు, వాళ్లు నన్ను ఎంపిక చేశారు. ఇండోనేషియాలో జావా అనే దీవి, అక్కడి ఒక కొండ. జూన్‌లో ఐదు వారాలు. కొండ నుంచి వచ్చే గాలినీ బూడిదనూ సీసాల్లో పట్టి, కింద పొలాల మీద వాటి ప్రభావం ఏమిటో చూడాలి. టికెట్టు, తిండి, బస అన్నీ వాళ్లవే. తిరిగి ఇవ్వాల్సింది ఏమీ లేదు.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు నువ్వు పని చేసే బొగ్గు బాయిలో నుంచి ఆకు అచ్చు పడిన రాయి తెచ్చి ఇచ్చావు. ఆ చెట్టు ఎక్కడుందని నేను వారం రోజులు నీ ప్రాణం తీశాను. ఈ చదువు అక్కడే మొదలైందని ఇంటర్వ్యూలో చెప్పాను. వాళ్లు నవ్వారు, కానీ మార్కులు వేశారు.

ఇందులో పెట్టిన ఫారం మీద రెండు చోట్ల సంతకం చెయ్యి. బాపు లేడు కాబట్టి సంరక్షకుడిగా నీ పేరే రాశాను. తర్వాత వాళ్లు నీకు ఫోన్ చేస్తారు. నా ఫోన్ ఎత్తకపోయినా ఫర్వాలేదు, వాళ్లది మాత్రం ఎత్తు.

మమత

* * *

గోదావరిఖని,
27 ఫిబ్రవరి

చెల్లె మమతకు అన్న ఉపేందర్ దీవెనలు.

ఫోన్ ఎత్తలేదని కోపం పెట్టుకోకు. డ్యూటీలో ఫోన్ ఉండదు, ఇంటికొస్తే నిద్ర. నా బొటనవేలు ఆ చిన్న అక్షరాల మీద సరిగా పడదు. కాగితం అయితే నిదానంగా ఆలోచించి రాయవచ్చు. కోర్టు కేసు ఏమీ లేదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ కొత్త అనుమానం వచ్చింది. మండుతున్న కొండ దగ్గరికి పోవడానికి నీకు ఎవరో డబ్బులిస్తారు. వాళ్లకు ఏం లాభం? మన వెనక క్వార్టర్ సదయ్య అల్లుడికి కూడా టికెట్టు ఉచితం, బస ఉచితం అన్నారు. జగిత్యాల ఏజెంటు మలేషియా పంపించాడు. అక్కడికి పోయాక పాస్‌పోర్టు గుంజుకున్నారు, ఏడు నెలలు తిప్పలు పడి వచ్చాడు. ఉచితం అనే మాట వినగానే అమ్మ గుండె జారిపోయింది. "ఊకెనే ఎవడిస్తడురా, దాని కిడ్నీ గిట్ల తీసుకుంటరేమో అడుగు" అంటున్నది. అడుగుతున్నాను, తప్పుగా అనుకోకు.

ఇంకొకటి. బాయిలో బొగ్గు దానంతట అదే వేడెక్కి అంటుకుంటే మేము అడ్డంగా గోడ కట్టి గాలి ఆడకుండా చేస్తాం. ఒక్క గోడకే ఇరవై మంది కావాలి. అంత పెద్ద కొండను నువ్వూ ఇంకో నలుగురు విద్యార్థులూ ఎట్లా ఆర్పుతారు?

ఏది ఏమైనా నీకు నచ్చి అడిగావు. బాపు పోయి నాకు ఆయన ఉద్యోగం వచ్చిన రోజు నీకు ఐదేళ్లు. నిన్ను చదివిస్తానని ఆ రోజే అనుకున్నాను. కొండల చదువు అని అప్పుడు అనుకోలేదు, అంతే. రెండు చోట్లా సంతకం పెట్టి పంపుతున్నాను. పెట్టినట్టు అమ్మకు చెప్పలేదు. ఆమె మనసు కుదుటపడ్డాక నేనే మెల్లగా చెబుతాను. నువ్వు బయటపడకు.

మీ వదిన దీప బడికి పోయింది. నిన్ను అడిగానని చెప్పమంది.

మీ అన్న
ఉపేందర్

* * *

హైదరాబాద్,
9 మార్చి

అన్నా,

ఫారం అందింది. మేడంకు ఇచ్చాను. నీ సంతకంలో చివరి గీత పేజీ దాటి పోయింది, అయినా తీసుకున్నారు.

మేము కొండను ఆర్పడానికి పోవడం లేదు. దాన్ని ఎవరూ ఆర్పలేరు. అది ఎట్లా ఊపిరి తీస్తుందో చూసి రాసుకుని వస్తాం, అంతే. లాభం ఏమిటంటే, అది ఎప్పుడు పొంగుతుందో కాస్త ముందే తెలిస్తే కింది ఊళ్లను ఖాళీ చేయించవచ్చు. నా కిడ్నీలు రెండూ నాతోనే తిరిగి వస్తాయని అమ్మకు చెప్పు.

నిన్న వదినకు ఫోన్ చేశాను. అన్న ఎందుకు మాట్లాడడం లేదు, నా మీద కోపమా అని అడిగాను. "మీ అన్ననే అడుగు మమతా, నన్ను అడగకు" అంది. గొంతు మారిపోయింది. తర్వాత కుక్కర్ విజిల్ వచ్చిందని పెట్టేసింది. విజిల్ నాకు వినపడలేదు. నా వల్ల మీ ఇద్దరికీ గొడవ అవుతున్నదా? నన్ను ఉద్యోగం వెతుక్కోమని నువ్వు, చదువుకోనిమ్మని ఆమె అనుకుంటున్నారా? ఏదైనా నాకు తెలియాలి. ఇంత దూరంలో కూర్చుని ఊహించుకుంటుంటే ఉన్నవీ లేనివీ అన్నీ వస్తున్నాయి.

ట్రస్టు వాళ్ల ఫోన్ ఇరవయ్యో తారీఖు తర్వాత వస్తుంది. తెలుగు వచ్చిన మేడమే చేస్తారట. రెండు మూడు ప్రశ్నలు, అంతే. పోయినేడు ఒకబ్బాయి ఇంట్లో చెప్పకుండా వెళ్లాడట, అప్పటి నుంచి అందరి ఇళ్లకూ ఫోన్ చేస్తున్నారు. నీకు ఏది అనిపిస్తే అది చెప్పు.

చెల్లె

* * *

గోదావరిఖని,
24 మార్చి

మమతా,

నీ పని అయిపోయింది. సంతోషంగా ఉండు.

శుక్రవారం పొద్దున పదకొండు గంటలకు ఆ మేడం ఫోన్ వచ్చింది. దీప బడిలో ఉంది, అమ్మ రేషన్‌కు పోయింది. నేనే మాట్లాడాను. చాలా మర్యాద గల మనిషి. నీ ఉత్తరం ఉందా అని అడిగింది. ఉంది మేడం అన్నాను. మళ్లీ అడిగింది. ఉంది, కచ్చితంగా ఉంది అని గట్టిగా చెప్పాను. తర్వాత సొంతిల్లు మీదేనా అని అడిగింది. ఆ ముక్క ఎందుకో నాకు అర్థం కాలేదు. సొంతిల్లు లేని వాళ్లకు ముందు ఇస్తారేమో అనుకుని, కాదు మేడం, నాది కాదు అని ఉన్నదే చెప్పాను. క్వార్టర్ కంపెనీది కదా.  తర్వాత ఏదో అని పెట్టేసింది. థాంక్స్ అనే అని ఉంటుంది.

వదిన గురించి రాశావు. మా మధ్య గొడవ ఏమీ లేదు. ఆమెకు గొంతు నొప్పి.

ఇక్కడ నీ పేరు మారుమోగుతున్నది. సదయ్య ఊరుకోడు కదా, ఉపేందర్ చెల్లె కొండకు అంటుకున్న మంట ఆర్పడానికి పరాయి దేశం పోతున్నదని టీ కొట్టులో చెప్పాడు. మా పై అధికారి ఓవర్‌మన్ నన్ను ఆపి, మట్టి దిబ్బ దగ్గర పొగ వస్తున్నది, మీ చెల్లె వచ్చినప్పుడు ఒకసారి చూసి పొమ్మను అన్నాడు. సరే అన్నాను. కాదని ఎట్లా చెప్పేది?

మీ అన్న

* * *

హైదరాబాద్,
2 ఏప్రిల్

ఉపేందర్ అన్నకు,

నువ్వు ఇట్లా ఎందుకు చేశావు?

ట్రస్టు నుంచి డిపార్ట్‌మెంటుకు లేఖ వచ్చింది. నేను వెళ్లడానికి నీకు అభ్యంతరం ఉందని ఫోన్‌లో రెండుసార్లు చెప్పావట. ఫారం మీద సంతకం మీదేనా అని అడిగితే నాది కాదు అన్నావట. నీ సంతకం నేనే దొంగతనంగా పెట్టానని వాళ్ల అనుమానం. నా ఎంపిక ఆపేశారు. సోమవారం ముగ్గురు ప్రొఫెసర్ల ముందు నిలబెట్టారు. టేబుల్ మీద ఆ ఫారం పెట్టి, పేజీ దాటిన ఆ గీత మీద వేలు పెట్టి, ఇది ఎవరి చెయ్యి అని అడిగారు.

మా అన్నదే అన్నాను. నీకు ఫోన్ చేయమన్నారు. నువ్వు ఎత్తలేదు. అమ్మకు చేశాను, స్పీకర్ పెట్టమన్నారు. అమ్మ అందరూ వింటుండగా, "ఏ కాయిదం మీద పెట్టలె బిడ్డా. నాకు చెప్పకుంట వాడెట్ల పెడతడు" అంది. చంద్రమతి మేడం తల దించుకున్నారు. నా కోసం ఆమె తల దించుకోవడం నేను చూశాను.

హాస్టల్‌కొచ్చి చూస్తే నీ ఉత్తరం. నీ పని అయిపోయింది, సంతోషంగా ఉండు అని. ఉత్తరం అంటావు, సొంతిల్లు అంటావు. నన్ను వెక్కిరిస్తున్నావా? భయమేసి చెప్పావా? ఏజెంటు కథ మనసులో పెట్టుకున్నావా? పంపడం ఇష్టం లేకపోతే ఫిబ్రవరిలోనే ఒక్క మాట రాస్తే అయిపోయేది. నువ్వు డిగ్రీ వదిలి బాయిలోకి దిగావు కాబట్టి నేనూ ఎక్కడో ఒక చోట ఆగిపోవాలని ఉందా నీకు?

నిజం రాసేటట్టయితేనే జవాబు రాయి.

మమత

* * *

గోదావరిఖని,
9 ఏప్రిల్

చెల్లె,

ఈరోజు ఉగాది. అమ్మ పచ్చడి గిన్నె నా ముందు పెట్టి పోయింది. అది అట్లాగే ఉంది. నిజం రాస్తున్నాను.

నాకు వినపడదు.

ఎడమ చెవి పూర్తిగా పోయి రెండేళ్లు దాటింది. కుడి చెవి సగం. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి పట్టుకుంటాను. ఫోన్‌లో పెదాలు ఉండవు. అందుకే ఉత్తరాలు. జట్టు పెద్దనయ్యే సర్దార్ పరీక్ష పాస్ కాకముందు తొమ్మిదేళ్లు డ్రిల్లు పట్టాను కదా, దాని ఫలం. పోయిన వైద్య పరీక్షలో ఇంత లేదు. మళ్లీ పరీక్ష వచ్చే ఏడాది. అప్పటిదాకా నెట్టుకొద్దామనుకున్నాను. దీపకు ఒక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఆమె గొంతు నొప్పి అదే.

నీ ఉత్తరం చదివాక ఆ ఫోన్‌ను మళ్లీ మళ్లీ గుర్తు చేసుకున్నాను. ఆమె అభ్యంతరం ఉందా అని అడిగింది. నాకు ఉత్తరం ఉందా అని వినపడింది. ఆమె సంతకం మీదేనా అంది. నాకు సొంతిల్లు మీదేనా అని వినపడింది. ఆమె అడిగినవాటికి నేను చెప్పిన జవాబులు ఎంత చక్కగా సరిపోయాయో చూడు. వెక్కిరించలేదు చెల్లె. నా చెవులు నిన్ను దొంగను చేశాయి.

ముందు ఒక ఉత్తరం రాశాను, ట్రస్టుకే. ఆ రోజు సిగ్నల్ సరిగా లేదు, తప్పుగా విన్నాను అని. కవరులో పెట్టి జిగురు కూడా అంటించాను. తర్వాత చించేశాను. ఎందుకో చెబుతాను.

నా డ్యూటీ ఏమిటో నీకు తెలుసు. అందరికంటే ముందు పోయి కర్రతో పైకప్పు తట్టాలి. గట్టిగా మోగితే మంచిది. డొల్లగా మోగితే మనుషులను వెనక్కి పంపాలి. ఆ తేడా నాకు తెలియడం లేదు. ఏడాదిగా మా జట్టులోని ఎల్లేశాన్ని పక్కన పెట్టుకుని, నువ్వు తట్టు, నేను చూస్తా అంటున్నాను. నేను నేర్పిస్తున్నానని వాడు అనుకుంటున్నాడు. మార్చి పన్నెండున వాడు పక్కన లేడు. పైన చిటపటమన్నదట, అందరూ వెనక్కి ఉరికారు, నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఎల్లేశం తిరిగి వచ్చి నా కాలర్ పట్టి గుంజాడు. రెండు నిమిషాలకు మంచమంత పెళ్ల పడింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు కూడా నేను పై అధికారికి చెప్పలేదు. పది రోజులకు ట్రస్టు మేడంకు ఫోన్‌లో జవాబులు చెప్పాను.

నీ మీద పడ్డ మచ్చ పోవాలంటే నాకు వినపడదని కాగితం చూపించాలి. ఆ కాగితం ఉన్న మనిషి బాయిలోకి దిగకూడదు. శుక్రవారం కరీంనగర్‌లో చెవుల పరీక్ష చేయించుకుంటాను. శనివారం మేనేజర్‌ను కలుస్తాను. తర్వాత నీ దగ్గరికి వస్తాను.

నువ్వు ఆగిపోవాలని నాకు ఎన్నడూ లేదు.

ఉపేందర్

* * *

హైదరాబాద్,
11 ఏప్రిల్

అన్నా,

నీ జవాబు ఇంకా రాలేదు. వస్తుందో లేదో తెలియదు. ఈ ఉత్తరం అందగానే అన్నీ మరిచిపో.

పోయిన ఉత్తరంలో చివర ఒక మాట రాశాను. నువ్వు బాయిలోకి దిగిన మాట. అది పోస్టు డబ్బాలో పడగానే చెయ్యి లోపలికి పెట్టి తీయబోయాను. చెయ్యి పట్టలేదు. నన్ను క్షమించు.

నిన్న మళ్లీ పిలిచారు. నిన్ను హైదరాబాద్ రప్పించి ముగ్గురి ముందు అడుగుతామన్నారు. నువ్వు డ్యూటీ మానుకుని వచ్చి, ఆ గదిలో నిలబడి, అక్కడ ఏం చెబుతావో నాకు అర్థం కాలేదు. సంతకం నాదే అని నువ్వంటే ఫోన్‌లో అబద్ధమాడావంటారు. కాదంటే అది నేను వినలేను. అందుకని సంతకం నేనే పెట్టానని చెప్పేశాను. రాసి ఇచ్చాను కూడా.

ఏడాది పాటు నాకు ఏ నిధులూ ఇవ్వరు. నా చోటు మా క్లాసు వినీత్‌కు ఇచ్చారు. వాడు వచ్చి సారీ చెప్పాడు. వాడి తప్పేముంది?

నువ్వు ఎవరికీ ఏమీ రాయకు. కాగితాలేవీ పంపకు. రేపు మేము ఆదిలాబాద్ వైపు రాళ్ల క్యాంపుకు పోతున్నాం, పన్నెండు రోజులు. అక్కడ సిగ్నల్ ఉండదు. నీకు ఎందుకు అభ్యంతరమో ఎప్పటికైనా చెబితే వింటాను. చెప్పకపోయినా సరే.

మమత

* * *

గోదావరిఖని,
20 ఏప్రిల్

మమతా,

నీ ఉత్తరం అందేసరికి నేను ఇంట్లో లేను. నీ హాస్టల్ గేటు దగ్గర ఉన్నాను. నువ్వు రాళ్ల క్యాంపులో ఉన్నావు. నా ఉత్తరం నీ రూములో తలుపు కింద పడి ఉందని వాచ్‌మన్ రాసి చూపించాడు.

చంద్రమతి మేడం గది వెతుక్కుంటూ పోయాను. నాకు వినపడదని చెప్పి కరీంనగర్ కాగితం ముందు పెట్టాను. ఆమె తెల్ల కాగితాలు తీసి, అడగాల్సింది రాసింది, నేను నోటితో జవాబు చెప్పాను. ఫోన్‌లో ఏం వినపడిందో చెప్పాను. ఉత్తరం, సొంతిల్లు అన్నప్పుడు ఆమె పెన్ను ఆగిపోయింది. నవ్వు ఆపుకుంటున్నదో ఏడుపు ఆపుకుంటున్నదో నాకు తెలియలేదు. సంతకం పెట్టమంది. పదిసార్లు పెట్టాను. పదింటిలోనూ చివరి గీత అట్లాగే పోయింది.

అప్పుడు ఆమె నువ్వు రాసి ఇచ్చిన కాగితం నాకు చూపించింది. నేనే పెట్టాను అని నీ చేతిరాత. రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చాను. మేడం ఇట్లా రాసింది: "మీ చెల్లెలు తప్పు చేయకుండా ఒప్పుకుంది. ఈ ఫైలు ఎలా ముగించాలో నాకు తెలియడం లేదు. కొంచెం టైమివ్వండి." ఆ కాగితం ముక్క అడిగి తెచ్చుకున్నాను.

శనివారమే మేనేజర్‌కు చెప్పాను. ఎన్ని రోజులుగా అని అడిగాడు. రెండేళ్లు అన్నాను. చాలాసేపు కాగితాలు తిప్పాడు. మెడికల్ బోర్డు తేల్చేదాకా పైన ల్యాంపు రూములో వేశారు. లోపలికి దిగేవాళ్లకు దీపాలు ఇచ్చి, వచ్చాక లెక్క చూసుకుని తీసుకోవాలి. అండర్‌గ్రౌండ్ అలవెన్సు ఉండదు. ఇల్లు గడుస్తుంది, ఫికర్ చెయ్యకు.

ఎల్లేశానికి నేనే చెప్పాను. వాడు నా ఎదురుగా వచ్చి, పెదాలు కనపడేటట్టు నిలబడి అన్నాడు. "నా పానం నీ చెవుల మీద పెట్టిన గద అన్నా. ఒక్క మాట చెప్తే ఏమైతుండె." అప్పటి నుంచి వాడు వేరే కిటికీ దగ్గర దీపం తీసుకుంటున్నాడు.

నువ్వు ఎందుకట్లా రాసిచ్చావు చెల్లె?

అన్న

* * *

హైదరాబాద్,
3 మే

అన్నా,

క్యాంపు నుంచి వచ్చేసరికి తలుపు కింద రెండు ఉత్తరాలు ఉన్నాయి. ముందు ఇరవయ్యో తారీఖుది విప్పాను. ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఉగాది నాటిది విప్పాను. అన్నీ అర్థమై మంచం మీద కూర్చుండిపోయాను. బూట్లకు ఉన్న మట్టి దుప్పటికి అంటింది.

ఆ పెళ్ల గురించి ఆలోచిస్తుంటే నీ మీద కోపం వస్తున్నది. ఇది పాత కోపం కాదు, కొత్తది. రెండేళ్లు, అన్నా. ఎల్లేశానికి ఇద్దరు పిల్లలు. నువ్వు నా కోసం చేశావు అనుకుని నేను సంతోషపడాలా? నా ఫీజు కోసమే ఆ డ్యూటీ వదల్లేదా? అట్లా అయితే ఆ పెళ్ల కింద నా చదువు కూడా ఉంది. అట్లా కాదని రాయి. కాకపోతేనే రాయి.

ఇక్కడి సంగతి. సంతకం నీదేనని తేల్చారు. దొంగతనం మాట ఫైలు నుంచి తీసేశారు. చేయని తప్పు చేశానని రాసిచ్చినందుకు మాత్రం హెచ్చరిక ఇచ్చారు. న్యాయమే. వినీత్ చోటు వినీత్‌దే. అయితే ఆగస్టులో రెండో జట్టు పోతుందట, అందులో నాకు చోటిస్తామని ట్రస్టు వాళ్లు రాశారు. ఈసారి ఫోన్ చేయరు, ఇంటి నుంచి ఉత్తరం చాలన్నారు.

వెళ్లాలో వద్దో తెలియడం లేదు. నీ అలవెన్సు పోయింది. ఎల్లేశం మాట్లాడడం లేదు. ఇంత జరిగాక నేను పోయి కొండ పొగ సీసాలో పట్టుకుని రావడం ఏమిటి అనిపిస్తున్నది. మేడంను అడిగితే, అది నువ్వు తేల్చుకోవాల్సిందే అన్నారు. నువ్వు చెప్పు.

మమత

* * *

గోదావరిఖని,
30 మే

చెల్లె మమతకు,

ఎండలు మండుతున్నాయి. మధ్యాహ్నం రోడ్డు మీద కుక్క కూడా లేదు.

నువ్వు అడిగిన దానికి ముందు జవాబు. నీ ఫీజు కోసం కాదు. నీ ఫీజు సాకు. సర్దార్ అని పిలిపించుకోవడం నాకు ఇష్టం. పంతొమ్మిదేళ్లకు తట్ట మోయడానికి దిగి, చదువుకుని, పరీక్ష పాసై, పది మందికి ముందు నడిచే మనిషినయ్యాను. చెవులు పోయాయంటే అది పోతుంది. అందుకు దాచాను. దీప ఇదే మాట రెండేళ్లుగా అంటున్నదట. నాకు వినపడలేదో, విననట్టు ఉన్నానో.

మెడికల్ బోర్డు పైన డ్యూటీయే ఖాయం చేసింది. కుడి చెవికి మిషను పెట్టారు. మొదటి రోజు గిన్నెల చప్పుడుకే తల పగిలిపోయింది. అమ్మ వంటింట్లో గొణుక్కుంటూ నన్ను ఎంత తిడుతుందో ఇప్పుడు తెలిసింది. రెండేళ్ల నుంచి ఇదే పనట. మిషను పెట్టుకున్నానని చెప్పినా ఆపలేదు. నీ ఫారం మీద నేను పెట్టిన సంతకం సంగతి కూడా ఆమెకు చెప్పాను. దానికి వేరే తిట్లు.

ఎల్లేశం నిన్న నా కిటికీకే వచ్చాడు. దీపం ఇచ్చాను. ఏదో అన్నాడు. ఆ సమయానికి మిషను జేబులో ఉంది, తల దించుకుని ఉన్నాడు కాబట్టి పెదాలు కూడా కనపడలేదు. మళ్లీ అడగాలనిపించింది, అడగలేదు. మంచి మాటో కాదో తెలియదు. ఈ రోజు మళ్లీ నా కిటికీకే వచ్చాడు.

నువ్వు పో. ఇక్కడ జరిగినదానికి లెక్క నేను చూసుకోవాలి, నువ్వు ఆగితే అది తగ్గదు. కొండ మండుతుంది కదా అని నాకు భయం ఉంది, అది వేరే. ట్రస్టుకు ఉత్తరం విడిగా పెట్టాను. దీప చదివి, తప్పులు దిద్దింది.

ఉపేందర్

* * *

జావా,
19 ఆగస్టు

అన్నకు, వదినకు, అమ్మకు,

వచ్చి ఆరు రోజులైంది. కొండ ఇంకా కనపడలేదు. నవ్వకండి. ఊరు దాని ఒడిలోనే ఉంది, కానీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మబ్బు. ఎదురుగా ఉందని మా గైడు వేలు చూపిస్తాడు, మేము తల ఊపుతాం. గంధకం వాసన మాత్రం వస్తుంది. నేల మీద చెయ్యి పెడితే ఒక్కోచోట వెచ్చగా ఉంటుంది. నిన్న పైదాకా ఎక్కి, పొగమంచులో పది అడుగులు కూడా కనపడకుండానే మూడు సీసాలు నింపుకుని వచ్చాం. అందులో కొండ గాలి ఉందో మబ్బే ఉందో ల్యాబులో తేలుతుంది. ఇంత దూరం వచ్చి నేను చూసింది ఏమిటని అడిగితే ఇప్పటికి మబ్బు అనే చెప్పాలి.

అయినా ఇక్కడ ఉండడం బాగుంది. ఈ బూడిద నేలలో క్యాబేజీ మన బిందె అంత అవుతుంది. కొండ ఉమిసిన ప్రతిసారీ జనం దిగిపోతారు, చల్లబడ్డాక మళ్లీ వచ్చి నాటుకుంటారు. భయం లేదా అని అడిగాను. గైడు తర్జుమా చేశాడు. ఆ రైతు చెప్పిన జవాబు చాలా పొడవుంది, గైడు చెప్పింది రెండు ముక్కలే. "ఉంది. క్యాబేజీ కూడా ఉంది."

నేను ఉండే ఇంటి ఆమెకు మన భాష రాదు, నాకు ఆమెది రాదు. ఈ సాయంత్రం గైడు లేడు. అన్నం పెడుతూ నా ఫోన్‌లో ఫోటోలు చూసింది. ల్యాంపు రూము కిటికీ దగ్గర నువ్వు దిగిన ఫోటో మీద వేలు పెట్టి "కాకా?" అని అడిగింది. కాదు, మన కాక, బాపు తమ్ముడు, కాసిపేటలో ఉన్నాడు, ఈయన మా అన్న అని తెలుగులోనే చెప్పాను. ఆమె కూతురు బడి పుస్తకం తెచ్చి బొమ్మ చూపించింది. ఇక్కడ పెద్దన్ననూ అక్కనూ అట్లాగే పిలుస్తారట. అప్పుడు అర్థమై, అవును, కాకా అన్నాను.

ఆమె మళ్లీ నీ ఫోటో చూపించి, కొండవైపు చెయ్యి ఊపి, ఇంకేదో అడిగింది. నన్ను పంపింది నువ్వేనా అని అడుగుతున్నదనుకున్నాను. అవునని గట్టిగా తల ఊపాను. ఆమె ముఖం విప్పారింది. లోపలికి పోయి ఇంకో కంచం తెచ్చి, నా పక్కన చాప మీద పెట్టి, అన్నం వడ్డించి, పైన ఆకు కప్పింది. తర్వాత గుమ్మంలో నిలబడి దారివైపు చూసింది.

నువ్వు కూడా వస్తున్నావనుకుంది అన్నా. కాదని ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. ఆ కంచం పక్కనే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మమత